గట్టు ఎక్కుతుంటే ట్రాక్టర్ ముందు తేలుతోంది: బంపర్ వెయిట్లు కావాలా, వద్దా?

పుంతదారి (కొత్తపేట): 45 హెచ్‌పీ బండి, రెండు చక్రాల ట్రక్కు. 75 కిలోల ధాన్యం బస్తాలు 60 వేస్తే నాలుగున్నర టన్నులు. రోడ్డు మీద బానే ఉంటుంది. చేలోంచి కాలువగట్టు ఎక్కేచోట స్టీరింగు పట్టు ఉండట్లేదు. మెకానిక్ ముందు బంపర్‌కి 100 కిలోల ఇనప వెయిట్లు బిగించమంటున్నాడు. బిగించాలా?

గట్టుమీద: బిగించండి. రెండు టన్నుల బండికి ముందు ఇరుసు మీద దాదాపు 700 కిలోలుంటాయి. హుక్కు మీద ట్రక్కు 600 కిలోలు మోపితే, హుక్కు వెనక ఇరుసుకి 60 సెంటీమీటర్ల వెనక, చక్రాల మధ్య 2 మీటర్లు అనుకుంటే, ముందు 180 తగ్గుతుంది. ఎనిమిదికి ఒకటి వాలు మట్టిగట్టు మీద లాగుడు టన్ను దాకా పోతుంది. హుక్కు 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే దానివల్ల ఇంకో 225, వాలుకి బండి సొంత బరువు వెనక్కి వాలి మరో 100 పోతాయి. మిగిలేది 195. తిప్పుడు నిలవాలంటే బండి బరువులో అయిదో వంతు, 400 కిలోలు ముందుండాలి.

దమ్ముచక్రం (ఉండి): లెక్క సరే, మందు తప్పు. మొదట ట్రక్కుని బండి వెనక ఎక్కడ తగిలించారో చూడండి. 75 సెంటీమీటర్ల ఎత్తున ఉన్న బ్రాకెట్‌కి తగిలిస్తే మీ 195 కాస్తా 45 అవుతుంది. అప్పుడు క్లచ్చి ఒక్కసారి వదిలితే బండి వెనక్కి తిరగబడుతుంది. కింద ఉండే లాగుడు పట్టీకే, అంటే డ్రాబార్‌కే పిన్ను వెయ్యాలి. తర్వాత బస్తాలన్నీ ఓ జానెడు వెనక్కి సర్దండి. హుక్కు నుంచి ట్రక్కు ఇరుసుకి 3 మీటర్లుంటే హుక్కు మీద 300 కిలోలు తగ్గి, ముందుకి 90 వస్తుంది, పైసా ఖర్చు లేకుండా. వెయిట్లుంటే దమ్ములో ముందు చక్రాలు దిగబడతాయి, మన నల్లరేగడి సంగతి తెలిసిందే.

అమెరికాబండి: అక్కడ పికప్‌లకి స్ప్రింగ్ బార్ల హిచ్ పెట్టి వెనక భారాన్ని కొంత ముందు ఇరుసుకి నెడతారు. అది పెడితే?

దమ్ముచక్రం: దానికి బాల్ కప్లింగు, దానికి సరిపడే ట్రక్కు ముక్కు కావాలండి. మనది పిన్నూ రింగూ. పైగా గట్టు అంచులాంటి ఎగుడుదిగుడులో ఆ బార్ల మీద విపరీతమైన ఒత్తిడి పడుతుంది. వదిలెయ్యండి.

గట్టుమీద: జానెడు దాటి వెనక్కి సర్దితే మాత్రం గట్టెక్కేటప్పుడు బరువు ఇంకా వెనక్కి పోయి, ట్రక్కు హుక్కుని పైకి ఎత్తుతుంది, వెనక చక్రాలు జారతాయి. పై వరసలో అడ్డంగా తాడు కట్టకపోతే బస్తాలు వాటంతటవే ఆ పని చేస్తాయి. మీరు చెప్పినవన్నీ చేసినా 285 దగ్గరే ఆగాం. 100 కిలోల వెయిట్లు ముందు ఇరుసుకి 60 సెంటీమీటర్ల అవతల వేలాడితే 130 కలుస్తుంది, మొత్తం 415. దమ్ముకి ముందు ఊడదీసుకోవచ్చు, రెండు పిన్నుల పనే.

పుంతదారి: వెనక టైర్లలో నీళ్లు పోస్తే?

దమ్ముచక్రం: ముందు తేలడానికి అది మందు కాదు. వెనక పట్టు పెరిగితే లాగుడు పెరుగుతుంది, ముందు ఇంకా తేలుతుంది. మీ లెక్క ఒప్పుకుంటాను గట్టుమీద గారూ, కానీ వెయిట్లు కొనేముందు మిల్లు కాటా మీద ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి, ట్రక్కు తగిలించి ఒకసారి, తగిలించకుండా ఒకసారి తూయించమనండి. అక్కడే ఆ రెండు అంకెల తేడా చెబుతుంది ట్రక్కు బరువు వల్ల ముందు ఎంత తగ్గుతోందో. దిగేటప్పుడు బ్రేకు పెడళ్లు రెండూ కలిపి లాక్ చెయ్యండి, న్యూట్రల్ వద్దు. ట్రక్కుకి బ్రేకు లేదుగా.