సిటీ నుంచి బ్యాక్‌ఫ్లో టెస్ట్ నోటీసు: ఇంటికొకటి, షాపుకొకటి. ఎవర్ని పిలవాలి, ఏం చూసుకోవాలి?

డల్లాస్_టిఫిన్

నమస్కారం అండీ. డల్లాస్‌కు ఉత్తరం వైపు సబర్బ్‌లో ఇల్లు, దగ్గర్లోనే స్ట్రిప్ మాల్‌లో చిన్న టిఫిన్ సెంటర్. రెండు అడ్రసులకూ సిటీ వాటర్ డిపార్ట్‌మెంట్ నుంచి ఉత్తరాలొచ్చాయి. బ్యాక్‌ఫ్లో (మన వైపు నీళ్లు సిటీ లైన్లోకి వెనక్కి పారడం) ఆపే పరికరానికి టెస్ట్ చేయించి 30 రోజుల్లో రిపోర్టు పెట్టించాలట. ఇంటి ఉత్తరంలో "డబుల్ చెక్, 1 అంగుళం, ఇరిగేషన్" అనీ, షాపు ఉత్తరంలో "ఆర్‌పీ, 3/4 అంగుళం" అనీ రాసి పక్కన సీరియల్ నంబర్లు ఇచ్చారు.

ఇంటి ముందు మీటరు దగ్గర ఆకుపచ్చ మూత పెట్టెలో ఉన్నది ఇదేనా? టెస్టంటే అసలు ఏం చేస్తారు, నీళ్లు ఎంతసేపు ఆపుతారు? షాపు వెనక గోడకున్న ఆర్‌పీ కింద రాత్రి మూసేశాక నేల తడుస్తోంది, పొద్దున పని మొదలయ్యాక ఆగిపోతోంది. టెస్టుకు ముందే దాన్ని బాగు చేయించాలా? ఇంకోటి, ప్రెషర్ కొలిచే గేజ్ ఆన్‌లైన్లో అమ్ముతున్నారు. మనమే కొలిచి పంపితే ఒప్పుకోరా?

పైపు_పంతులు

ఆఖరి ప్రశ్నకు ముందు జవాబు: ఒప్పుకోరు. టెక్సస్‌లో టీసీఈక్యూ (రాష్ట్ర పర్యావరణ శాఖ) లైసెన్సున్న బ్యాక్‌ఫ్లో టెస్టరు సంతకం పెట్టిన ఫారమే చెల్లుతుంది. గేజ్‌ను కూడా ఏడాదికోసారి సరిచూపించాలి. దాని సీరియల్ నంబరు, సరిచూసిన తేదీ ఫారం మీద ఉండాలి. లైసెన్సు ఉందో లేదో టీసీఈక్యూ సైట్లో పేరు కొట్టి మీరే చూసుకోవచ్చు.

పరికరం ఎందుకో ఒక్క ముక్క. మన ఊళ్లో ఎవరైనా మున్సిపల్ కొళాయికి నేరుగా మోటారు బిగిస్తే పక్కింటి కొళాయి గాలి పీలుస్తుంది చూడండి, అదే ఇక్కడా. వీధి మెయిన్ పగిలినా, ఫైర్ హైడ్రెంట్ తెరిచినా లైన్లో ప్రెషర్ పడిపోతుంది. అప్పుడు మీ లాన్‌లో స్ప్రింక్లర్ తల చుట్టూ నిలిచిన నీళ్లు, వాటితో పాటు ఎరువు, కుక్క చేసిన పని, అన్నీ వెనక్కి మెయిన్‌లోకి పీల్చుకుపోతాయి. దీన్ని బ్యాక్‌సైఫనేజ్ అంటారు. రెండో దారి బ్యాక్‌ప్రెషర్. మీ వైపు బూస్టర్ పంపో, బాయిలరో ఉండి ఇవతలి ప్రెషర్ సిటీ ప్రెషర్ కన్నా పెరిగితే నీళ్లు వెనక్కి నెట్టుకెళ్తాయి.

ఏ ముప్పుకు ఏ పరికరమన్నది దీన్ని బట్టే. నేల మీద నిలబడి కనిపించే పీవీబీ (ప్రెషర్ వాక్యూమ్ బ్రేకర్) పీల్చుడును మాత్రమే ఆపుతుంది, బ్యాక్‌ప్రెషర్‌ను ఆపలేదు. పైగా అది దాని తర్వాత ఉన్న అన్నిటికన్నా ఎత్తైన స్ప్రింక్లర్ తలకు కనీసం 12 అంగుళాలు పైనుండాలి. డబుల్ చెక్ (వరసగా రెండు చెక్‌లు, అంటే నీళ్లను ఒకవైపే పోనిచ్చే వాల్వులు) రెండింటినీ ఆపుతుంది, కానీ ఆరోగ్యానికి హాని లేని చోట్లకే. ఆర్‌పీ (రెడ్యూస్డ్ ప్రెషర్; రెండు చెక్‌లు, వాటి మధ్య రిలీఫ్ వాల్వ్) రెండింటినీ ఆపుతుంది, హాని ఉన్న చోటా సరిపోతుంది. లోపల ఏది పాడైనా మధ్యలో ఉన్న రిలీఫ్ వాల్వ్ నీళ్లను బయటికి వదిలేస్తుంది గనుక ఆర్‌పీని గోతిలో పెట్టకూడదు. రిలీఫ్ మూతి నేలకు 12 అంగుళాలైనా పైన ఉండాలి.

ఆకుపచ్చ మూత పెట్టెలోనిది మీ డబుల్ చెక్కే అయ్యుంటుంది. టెస్టరు రాకముందే మూత తీసి చూడండి. ఇత్తడి బాడీ మీద చిన్న రేకు ఉంటుంది, దాని మీది సీరియల్ నంబరు ఉత్తరంలోదానితో కలవాలి. కలవకపోతే సిటీకి ముందే చెప్పండి. ఎప్పుడో మార్చిన పరికరం పాత నంబరుతోనే రికార్డుల్లో ఉండిపోవడం మామూలే. అలా ఉంటే మీరు టెస్ట్ చేయించినా "చేయించలేదు" అని మళ్లీ ఉత్తరం వస్తుంది.

రాష్ట్ర నియమం ప్రకారం ఆరోగ్య హాని ఉన్న చోట ఏడాదికోసారి టెస్ట్ తప్పనిసరి. హాని లేని డబుల్ చెక్‌కు బిగించినప్పుడు చేస్తే సరిపోతుంది, కానీ సిటీ అంతకన్నా గట్టిగా పట్టుకోవచ్చు. మీ సిటీ పట్టుకున్నట్టుంది. ఇంటికి సెప్టిక్ ఉన్నా, స్ప్రింక్లర్ లైన్లో ఎరువు కలిపే యంత్రం ఉన్నా డబుల్ చెక్ అసలు చెల్లదు, ఆర్‌పీనే కావాలి.

టెస్ట్‌కాక్4

లైసెన్స్ టెస్టర్‌ని. టెస్ట్ ఏంటో చెప్తా, పక్కన నిలబడి చూస్తే అర్థమవుతుంది.

మీ రెండు పరికరాల్లో ఒక్కోదానికీ రెండు షటాఫ్ వాల్వులు (వచ్చే వైపు 1, పోయే వైపు 2), నాలుగు టెస్ట్ కాక్‌లు (గేజ్ గొట్టం బిగించే చిన్న కొళాయిలు). ముందు కాక్‌లన్నీ ఒక్కోటి తెరిచి చెత్త కడుక్కుపోయేలా వదలాలి. ఇది చేయకుండా గొట్టాలు బిగించేవాడి చేతిలో గేజ్ కూడా పాడవుతుంది.

డబుల్ చెక్: గేజ్ గొట్టం 2వ కాక్‌కు. షటాఫ్ 2 మూసి, తర్వాత షటాఫ్ 1 మూస్తాం. 3వ కాక్ తెరుస్తాం. నీళ్లు కొంచెం కారి ఆగాలి. ఆగాక గేజ్ చూపించేదే 1వ చెక్ పట్టు. 1 పీఎస్ఐ (ప్రెషర్ కొలత, చదరపు అంగుళానికి ఒక పౌండు) లేదా పైన ఉంటే పాస్. అదే పని 3, 4 కాక్‌ల మీద చేస్తే 2వ చెక్. దానికీ 1 పీఎస్ఐ. గేజ్‌ను తెరిచిన కాక్ ఎత్తులోనే పట్టుకోవాలి, నేల మీద పెట్టి చదివితే అంకె మారిపోతుంది. 3వ కాక్ నుంచి నీళ్లు ఆగకుండా వస్తుంటే షటాఫ్ 1 సరిగ్గా మూసుకోవడం లేదన్నమాట. అప్పుడు వచ్చే అంకెను నమ్మకూడదు.

ఆర్‌పీ: షటాఫ్ 2 మాత్రమే మూస్తాం. హై గొట్టం 2వ కాక్‌కు, లో గొట్టం 3వ కాక్‌కు. కనిపించే తేడా 1వ చెక్ రీడింగు, మామూలుగా 5 పీఎస్ఐ, ఆ పైన ఉండాలి. తర్వాత గేజ్ మీది హై, లో వాల్వులను మెల్లగా కలిపి తేడాను తగ్గిస్తూ పోతాం. ముల్లు దిగుతుంటే రిలీఫ్ నుంచి మొదటి చుక్క పడేది ఎక్కడో చూడాలి. 2 పీఎస్ఐ కన్నా కిందికి వచ్చాక పడితే ఫెయిల్. వేలు రిలీఫ్ మూతి కింద పెట్టి, కళ్లు ముల్లు మీద పెట్టే క్షణం ఇదే. హడావిడిగా తిప్పితే ముల్లు 2ను దాటి పోయాక గానీ చుక్క కనపడదు, మంచి పరికరాన్నే ఫెయిల్ చేస్తారు. ఆఖరున 4వ కాక్‌కు బైపాస్ గొట్టం పెట్టి 2వ చెక్ వెనక నుంచి ప్రెషర్‌ను పట్టుకుంటుందో లేదో చూస్తాం.

ఏదైనా తేడా రాకపోతే 15, 20 నిమిషాల పని. షాపుకైతే మధ్యాహ్నం మూడింటికి రమ్మనండి. ఆర్‌పీ టెస్ట్ చేస్తున్నంతసేపూ దాని తర్వాతి నీళ్లు బంద్.

పాస్ అని చెప్తే చాలదు, రిపోర్టు మీద అంకెలు ఉండాలి. ఇవాళ 1.1 వచ్చి పాసైన చెక్ వచ్చే ఏడాదికి ఫెయిల్ అవుతుందని మీరే చెప్పుకోవచ్చు.

డల్లాస్_టిఫిన్

థ్యాంక్స్ అండీ ఇద్దరికీ. ఇంటిది నిన్న చేయించా. 1వ చెక్ 2.1, 2వ చెక్ 0.6, ఫెయిల్. మొత్తం మార్చాలన్నాడు, 1 అంగుళం కొత్తది, పని కలిపి 600 డాలర్లకు పైనే. సీరియల్ నంబరు కలిసింది. పెట్టెలో సగం దాకా బురద నీళ్లున్నాయి.

టెస్ట్‌కాక్4

0.6కు బాడీ మార్చడమా! పరికరం మూత విప్పి చూశాడా, అడగండి. ఎక్కువసార్లు చెక్ సీటుకు, రబ్బరు డిస్కుకు మధ్య ఇసుక రేణువో, పీవీసీ కోసిన పొట్టో, టెఫ్లాన్ టేపు పోగో ఇరుక్కుంటుంది.

క్రమం ఇది. రెండు షటాఫ్‌లూ మూసి, 2, 3, 4 కాక్‌లు తెరిచి లోపలి ప్రెషర్ పూర్తిగా వదిలేయాలి. మూత తీస్తే స్ప్రింగ్, చెక్ బయటికొస్తాయి. స్ప్రింగ్ ఎగిరి గడ్డిలో పడకుండా మూత మీద చెయ్యి అడ్డం పెట్టుకోవాలి. డిస్కు మీద గుండ్రంగా గీత లోతుగా పడి ఉంటే రబ్బరు అయిపోయింది. కొన్ని మోడళ్లలో దాన్ని తిరగేసి వాడుకోవచ్చు, కానీ అప్పటికే విప్పారు గనుక కొత్తదే వేయడం మేలు. రబ్బరు కిట్టు ఖరీదు కొత్త పరికరం ఖరీదులో చిన్న వంతు. కిట్టు కొనేటప్పుడు రేకు మీది మోడల్ నంబరు ముఖ్యం. 1 అంగుళం వాట్స్ 007కూ, 1 అంగుళం విల్కిన్స్ 950కీ లోపలి భాగాలు కలవవు. ఓ-రింగులకు తాగునీటికి పనికొచ్చే సిలికోన్ గ్రీజే రాయాలి, వ్యాజిలీన్ రాస్తే రబ్బరు ఉబ్బుతుంది.

సీటు గీసుకుపోయినా, బాడీకి పగులు వచ్చినా మార్చక తప్పదు. 2021 ఫిబ్రవరి చలికి పగిలినవాటికి రిపేరు పనిచేయలేదు.

పైపు_పంతులు

బురద సంగతి వదిలేయకండి. పెట్టె నిండితే టెస్ట్ కాక్‌లు మురికినీళ్లలో మునుగుతాయి. కాక్ కాస్త కారినా అదే బ్యాక్‌ఫ్లోకి దారి. నేలలో పెట్టిన డబుల్ చెక్‌కు ఇరిగేషన్ నియమాల్లో ఉన్నవి: టెస్ట్ కాక్‌లకు ఇనుముకాని, మరతో బిగిసే మూతలు; వచ్చే వైపు వై-స్ట్రెయినర్ (ఇసుక, చెత్త పట్టే జాలీ ఉన్న ముక్క); పరికరం అడుగున, పక్కన రిపేరు చేసేందుకు చెయ్యి పట్టేంత జాగా. మీ దగ్గర వై-స్ట్రెయినర్ ఉందా చూడండి. ఉంటే జాలీ ఎప్పుడు కడిగారో! లేకపోతే కొత్త రబ్బరు కూడా రెండేళ్లకే ఇసుక తింటుంది.

డల్లాస్_టిఫిన్

వై-స్ట్రెయినర్ లేదు. మూతలు నాలుగింట్లో రెండే ఉన్నాయి. ఇప్పుడు షాపు సంగతి చెప్పండి, ఆర్‌పీ తడి.

వంటింటి_ప్లంబింగ్

మీరు చెప్పిన ఒక్క మాటే సగం చెప్పేసింది: నీళ్లు వాడుతున్నప్పుడు ఆగి, వాడనప్పుడు కారడం. 1వ చెక్ కింద ఏదో ఇరుక్కున్నప్పుడు ఇలాగే ఉంటుంది. నీళ్లు పారుతుంటే 1వ చెక్ మీద తేడా నిలబడుతుంది, రిలీఫ్ మూసుకుంటుంది. పారడం ఆగగానే తేడా కారిపోతుంది, రిలీఫ్ తెరుచుకుంటుంది.

నిర్ధారించుకోవడానికి షటాఫ్ 2 మూయండి. కారడం ఆగిందా, తప్పు 2వ చెక్‌ది, మీ వైపు నుంచి వెనక్కి నెడుతోంది. ఆగలేదా, 4వ కాక్ కొంచెం తెరిచి నీళ్లు పారనివ్వండి. ఇప్పుడు ఆగితే 1వ చెక్. ఇంకా కారుతుంటే రిలీఫ్ వాల్వ్ సీటో డయాఫ్రమో. ఇవి చూసి టెస్టరుకు చెప్తే సరైన కిట్టు వెంట తెస్తాడు, రెండోసారి రావడానికి డబ్బులు మిగులుతాయి. అప్పుడప్పుడూ ఒక్క చిమ్ము వచ్చి ఆగిపోతే అది లైన్ ప్రెషర్ ఊగడం వల్ల. దానికి కంగారు అక్కర్లేదు. మీది నేల తడిపేంత అంటున్నారు గనుక టెస్ట్ రోజే విప్పించండి, ముందు విడిగా బాగు చేయించి రెండుసార్లు కట్టొద్దు.

ఇంకో మూడు చూసుకోండి, రెస్టారెంట్లలో ఇన్‌స్పెక్టర్ కన్ను పడేవి ఇవే.

సోడా మెషీన్ ఉంటే దాని కార్బొనేటర్‌కు (నీళ్లలో గ్యాస్ కలిపేది) ముందు బ్యాక్‌ఫ్లో పరికరం వేరేగా ఉండాలి, దాని తర్వాత రాగి పైపు ఉండకూడదు. కార్బన్ డయాక్సైడ్ కలిసిన నీళ్లు వెనక్కొస్తే రాగిని కరిగించుకుంటాయి, అవి తాగితే వాంతులు.

మాప్ సింక్ కొళాయి మీద ఏవీబీ (అట్మాస్ఫెరిక్ వాక్యూమ్ బ్రేకర్, వెనక్కి పీల్చకుండా గాలిని లోపలికి వదిలేది) ఉంటుంది, పైన చిన్న టోపీలా. దానికి సబ్బు కలిపే డిస్పెన్సర్ గొట్టం తగిలించి, డిస్పెన్సర్ దగ్గర మూసి, కొళాయి మాత్రం రోజంతా తెరిచే ఉంచుతారు. ఏవీబీ 24 గంటల్లో 12 గంటలకు మించి ప్రెషర్ కింద ఉండకూడదు, దాని తర్వాత మూసే వాల్వూ ఉండకూడదు. ఇక్కడ రెండు తప్పులూ ఒకేచోట జరుగుతాయి. మూసేటప్పుడు కొళాయే కట్టేసే అలవాటు చేయించండి. లేదా గొట్టం దగ్గర ప్రెషర్ వదిలే టీ బిగించే పద్ధతి ఉంది, దాన్ని ప్లంబరును అడగండి.

మూడోది వాటర్ హీటర్. ఆర్‌పీ షాపు మొత్తానికీ ముందు ఉంటే, వేడెక్కి పెరిగిన నీటికి వీధి వైపు పోయే దారి ఉండదు. హీటర్ మీది సేఫ్టీ వాల్వ్ కారుతుంటే ఎక్స్‌పాన్షన్ ట్యాంకు (అలా పెరిగిన నీటికి చోటిచ్చేది) లేదని, లేదా దాని గాలి దిగిపోయిందని అనుకోవచ్చు.

మాల్‌లో ఫైర్ స్ప్రింక్లర్ లైన్ ఉంటే దాని బ్యాక్‌ఫ్లో మీ టెస్టరు చేయకూడదు. టెక్సస్‌లో అది ఆమోదం పొందిన ఫైర్‌లైన్ కాంట్రాక్టరు దగ్గర పనిచేసే టెస్టరే చేయాలి. అది సాధారణంగా బిల్డింగ్ ఓనరు బాధ్యత, లీజు చూడండి.

పీవీబీ_బాధితుడు

మధ్యలో దూరుతున్నా, చలికాలం దగ్గరపడుతోంది కదా. నేల పైన పీవీబీ ఉన్నవాళ్లు ఫ్రీజ్ ముందు ఏం చేయాలి? గుడ్డ చుడితే చాలా?

టెస్ట్‌కాక్4

ఒక్క రాత్రి 30 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు చుడితే చాలొచ్చు. రెండు మూడు రోజులు గడ్డకట్టే చలి అంటే చాలదు. ముందు దానికి నీళ్లిచ్చే వాల్వ్ కట్టేయండి. టెస్ట్ కాక్‌లు స్క్రూడ్రైవరుతో పావు తిప్పు తెరిచి నీళ్లు దించేయండి. తర్వాత రెండు బాల్ వాల్వుల పిడులు సగానికి, 45 డిగ్రీల దగ్గర వదలండి. పూర్తిగా మూసినా, తెరిచినా బంతి చుట్టూ ఇరుక్కున్న కాసిని నీళ్లే గడ్డకట్టి వాల్వును చీలుస్తాయి. ఇక నేల పైన చుట్టేటప్పుడు పైనున్న గాలి మూత పూర్తిగా బిగుసుకోకుండా చూడండి, అది తెరుచుకునే దారి ఉంచాలి.

టిఫిన్ గారూ, ఇంటిదానికి రీటెస్ట్ అయ్యాక ఫారం కాపీ తీసుకోండి. అందులో మొదటి టెస్ట్ అంకెలు (2.1, 0.6), రిపేరులో వేసిన భాగాలు, రిపేరు తర్వాతి అంకెలు, మూడూ ఉండాలి. రిపేరు గడి ఖాళీగా ఉండి కింద "పాస్" అని ఉంటే తీసుకోకుండా వెనక్కి ఇచ్చేయండి.