ఎసెఫలస్ అంటే తల లేని అనేనా? మరి సొసైటీకి తల ఏంటి?

ఆంత్రో_ఆప్షనల్:
సివిల్స్‌కి ఆంత్రోపాలజీ చదువుతున్నా, పొలిటికల్ ఆర్గనైజేషన్ చాప్టర్‌లో ఎసెఫలస్ సొసైటీ అని పదే పదే వస్తోంది. డిక్షనరీలో తల లేని అని ఉంది. డిగ్రీ జువాలజీలో ఆల్చిప్పల దగ్గర కూడా ఇలాంటి పేరే విన్నా. అసలు ఈ మాట ఎక్కడిది, రెండిటికీ లింక్ ఏంటో చెప్తారా ఎవరైనా ప్లీజ్

పదాల_పిచ్చి:
గ్రీకు మాట అండి. కెఫలే అంటే తల, ముందు అ చేరిస్తే అకెఫలోస్. లాటిన్ మీదుగా ఇంగ్లీషులోకి వచ్చేసరికి క కాస్తా స అయిపోయింది. ఆ అ మనకి కొత్త కాదు, అధర్మం అశాంతిలో ఉండే అ, గ్రీకు అ ఒకే మూలం నుంచి వచ్చినవే, అచ్చు ముందు అన్ అవడం కూడా రెండు చోట్లా ఉంది, మన అనంతంలో లాగా. ఆల్చిప్పల సంగతి కరెక్టే, నత్తకి కొమ్ముల్లాంటివి ఉన్న తల కనిపిస్తుంది కదా, ఆల్చిప్ప తెరిచి చూస్తే ఇదీ తల అని చూపించడానికి ఏమీ ఉండదు, అందుకే పాత వర్గీకరణలో ఎసెఫలా అన్నారు, ఇప్పుడు బైవాల్వియా. పాతకాలం గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ అయితే ఛాతీలో కళ్ళుండే తల లేని మనుషులు ఉన్నారని లిబియా వాళ్ళు చెప్పుకుంటారని రాశాడు, నాకైతే అరణ్యకాండలో కబంధుడే కళ్ళ ముందుకొస్తాడు!

చరిత్ర_ప్రియ:
తల అంటే నాయకుడు అనే అర్థం కూడా పాతదే. 482లో బైజాంటైన్ చక్రవర్తి జీనో చర్చి గొడవలు ఆపడానికి ఒక రాజీ శాసనం ఇచ్చాడు, ఈజిప్టులో అలెగ్జాండ్రియా చర్చికి పెద్ద (పాట్రియార్క్) అయిన పీటర్ మొంగస్ దానికి ఒప్పుకున్నాడని అక్కడ కొంతమంది ఆయన్నే వదిలేశారు, వాళ్ళకి అకెఫలోయ్, అంటే తల లేనివాళ్ళు, అని పేరు పడింది.

ఆంత్రో_సీనియర్:
తమ్ముడూ, ఎగ్జామ్‌లో ఎసెఫలస్ అంటే అరాచకం అని మాత్రం రాయకు, చాలామంది అదే రాసి మార్కులు పోగొట్టుకుంటారు. పైన కూర్చుని ఆర్డర్ వేసేవాడు లేడు, అంతే, కట్టుబాట్లు మాత్రం గట్టిగానే ఉంటాయి. దక్షిణ సూడాన్ న్యూర్ తెగ వాళ్ళ గురించి ఆంత్రోపాలజిస్ట్ ఎవాన్స్ ప్రిచర్డ్ 1940లో రాసింది చదువు. అక్కడ హత్య జరిగితే చంపినవాడు చిరుతతోలు కప్పుకునే పెద్దమనిషి ఇంట్లో తలదాచుకుంటాడు, ఆయన రెండు వంశాల మధ్య తిరిగి చనిపోయినవాడి వాళ్ళకి పశువులు ఇప్పించి రాజీ చేస్తాడు, కానీ ఒప్పుకోండి అని బలవంతపెట్టే అధికారం ఆయనకి లేదు. నైజీరియాలో ఇగ్బో జాతి వాళ్ళ ఊళ్ళు కూడా ఒకప్పుడు చాలావరకు ఇంతే, బ్రిటిష్ వాళ్ళు మాట్లాడటానికి ఒక తల కావాలని వారంట్ చీఫ్‌లని, అంటే ప్రభుత్వ పత్రంతో పెట్టిన పెద్దలని, నియమించారు, ఆ చీఫ్‌ల మీద కోపం, పన్ను వేస్తారన్న భయం కలిసి 1929లో వేలమంది ఆడవాళ్ళు తిరగబడ్డారు. ఆన్సర్‌లో ఈ ఉదాహరణ తప్పకుండా పెట్టు.