ఈ వారం సమస్య: బానిసయె రాణి, రాణియె బానిసయ్యె

నిర్వాహకుడు:
పై పాదం మీ పద్యానికి చివరి పాదం కావాలి. తేటగీతి పాదం, యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ పడే జోడీ అక్షరం) బా–బా. చూడగానే అందరూ విరటుడి కొలువులో సైరంధ్రి దగ్గరికి పరిగెడతారని తెలుసు, అందుకే వస్తువు ముందే కట్టేస్తున్నాను. 6, 7 శతాబ్దాల ఫ్రాంకుల రాజ్యం (ఇప్పటి ఫ్రాన్స్ వైపు), అక్కడ రాణులుగా ఉండి తర్వాత సెయింట్లుగా పూజలందుకున్నవాళ్ళు. ద్రౌపదికి ఈ వారం సెలవు.

రాజమండ్రి మాస్టారు:
వెలకు గొన్నట్టి పిల్లను వెదకి రాజు
పెండ్లి యాడెను; ముగ్గురు బిడ్డ లైరి;
గద్దె దిగి మఠమున గిన్నె కడుగుచుండె;
బానిసయె రాణి, రాణియె బానిసయ్యె.

నా నాయిక బాల్తిల్డ. ఆంగ్లో సాక్సన్ పిల్ల, సముద్రం దాటించి చవగ్గా అమ్మేస్తే ఎర్కినోవాల్డ్ అనే దివాను ఇంట్లో పెద్దల కాళ్ళు కడిగింది, చెప్పులు విప్పింది. తర్వాత రెండవ క్లోవిస్‌కి రాణి, ముగ్గురు కొడుకులూ రాజులే. చివరికి పారిస్ దగ్గర షెల్‌లో తాను నిలబెట్టిన మఠంలోనే వంటింటి చాకిరీ, మరుగుదొడ్లు కడగడం కూడా.

నిర్వాహకుడు:
మాస్టారూ, ధార హాయిగా ఉంది. గిన్నె అని ఏకవచనం వేశారు, జాత్యేకవచనం అనుకుని వదిలేద్దాం. పెండ్లి–బిడ్డ యతి చక్కగా పడింది. ‘వెదకి రాజు’ దగ్గర మాత్రం పేచీ ఉంది. ఆమె చింకిపాతలు కప్పుకుని మూల దాక్కున్నది రాజుకి భయపడి కాదు, భార్య పోయిన ఆ దివాను తనని చేసుకుంటానంటే. అతను ఇంకొకరిని పెళ్ళాడాకే బయటికొచ్చింది. అంత మంచి ఘట్టాన్ని యతి కోసం రాజుకి అంటగట్టేశారు!

డల్లాస్ కోడలు:
మాస్టారిగారి బాల్తిల్డకి పోటీగా నా రాడెగుండ్. ఇప్పటి జర్మనీలోని తురింగియా రాజు కూతురు, 531లో ఫ్రాంకులు ఆ దేశాన్ని గెలిచినప్పుడు వాళ్ళ రాజు మొదటి క్లోటార్ వాటాకి వచ్చింది.

పోరులో జిక్కి వచ్చిన భూపపుత్రి
తోడబుట్టిన వానినే తునుము ఱేని
విడిచి కుష్ఠుల పుండ్లను వెస గడిగెను;
బానిసయె రాణి, రాణియె బానిసయ్యె.

నిర్వాహకుడు:
రెండో పాదం నాకు భలే నచ్చిందమ్మా. సొంత తమ్ముణ్ణో అన్ననో చంపించిన మొగుణ్ణి వదిలేసి పోవడం, అదీ అతను రాజై ఉండగా, మాటలు కాదు. కానీ మూడో పాదంలో ‘వెస’ ఎందుకు? వేగంగా కడిగిందా? యతి కోసం ఇరికించిన మాట అది. ‘విడిచి, కుష్ఠుల నొడి జేర్చె వెఱపు లేక’ అని చూడండి. ఇంకొకటి, ఆమె యుద్ధఖైదీ, రాజు కూతురు. బానిస అనడం కొంచెం లాగడమే.

డల్లాస్ కోడలు:
సవరణ తీసుకున్నాను సార్. లాగడం కూడా ఒప్పుకుంటాను, కానీ పొయటియేలో తాను కట్టించిన మఠానికి ఆగ్నెస్‌ని పెద్దగా పెట్టి ఆమె మాటకి లోబడి బతికింది కదా, రెండో సగానికి అది చాలదా? పైగా ఫోర్టునాటస్ అనే కవితో పద్యాలు రాసుకున్న రాణి, మన గుంపులో ఆమెకి చోటు లేకపోతే ఎలా?

కొత్తగా చేరిన తమ్ముడు:
‘ఇంగ్లండు నుండి వచ్చిన’ అని మొదలుపెడితే తప్పా? రెండు గంటల నుంచి కొట్టుకుంటున్నా, టెన్షన్ పెరిగిపోతోంది.

నిర్వాహకుడు:
‘ఇంగ్లం’ రెండూ గురువులే తమ్ముడూ, అక్కడ సూర్యగణం (గురువు తర్వాత లఘువు, లేదా మూడు లఘువులు) కావాలి. ‘ఆంగ్ల దేశపు’ అను, సరిపోతుంది. టెన్షన్ పడకు, అందరం అక్కడ జారినవాళ్ళమే.

కొత్తగా చేరిన తమ్ముడు:
అదంతా వదిలేసి వేరే దారిలో వెళ్ళాను.

తాను పడినట్టి వెతలెల్ల తలచి తలచి
మనుజు లమ్ముట మాన్పించె, మరల దానె
మఠపు వంటింట నూడ్చుచు మసలుచుండె;
బానిసయె రాణి, రాణియె బానిసయ్యె.

నిర్వాహకుడు:
ఇది పద్యం! 657లో భర్త పోయాక బాల్తిల్డ కొడుకు తరఫున ఏలినప్పటి సంగతి పట్టుకున్నావు. కానీ ఆమె ఆపింది క్రైస్తవ బందీల అమ్మకాన్ని, అందరిదీ కాదు. చాలామందిని సొమ్మిచ్చి విడిపించింది కూడా. రెండో పాదం ‘క్రైస్తవుల నమ్ముటను మాన్పె, కడకు దానె’ అంటే చరిత్రా నిలుస్తుంది, క్రై–క యతీ నిలుస్తుంది.

రాజమండ్రి మాస్టారు:
బాగుంది. అయితే ‘కడకు దానె’ అంటే ఇష్టపడి వెళ్ళినట్టేగా?

నిర్వాహకుడు:
అక్కడే నా అనుమానమంతా. ఆమె చరిత్ర రాసినవాళ్ళు భక్తితో వెళ్ళిందంటారు, అదే చరిత్రలో పారిస్ బిషప్ సిగోబ్రాండ్‌ని సామంతులు చంపాక ఆమె పగ తీర్చుకుంటుందన్న భయంతో మఠానికి పోనిచ్చారనీ ఉంది. ఇటు ఇంగ్లండులో విల్ఫ్రిడ్ అనే బిషప్పు చరిత్ర రాసినాయన ఆమెని జెజబెల్ (బైబిల్లోని దుష్టరాణి) అన్నాడు, 9 మంది బిషప్పులని చంపించిందని. అందుకే మాస్టారూ, మీ మూడో పాదం ఇలా మార్చి చూశాను: ‘గద్దె దింపగ మఠమున గడిగె గిన్నె’.

రాజమండ్రి మాస్టారు:
దిగి అంటే సెయింటు, దింపగ అంటే ఓడిన రాణి. నాది ‘దిగి’గానే ఉంచండి. మీ పాదం కింద విడిగా రాయండి, చదివేవాళ్ళు ఏది కావాలంటే అది పెట్టుకుంటారు.