లాగ్ సర్వర్‌కు అన్నీ పంపాలా, వార్నింగ్స్ వరకే చాలా?

కోర్‌స్విచ్24:
రౌటర్లు, స్విచ్‌లు, రెండు ఫైర్‌వాల్స్ లాగ్స్ అన్నీ ఒకేచోటికి తెద్దామని లినక్స్ మీద ఆర్‌సిస్‌లాగ్ (లాగ్స్ పోగుచేసే సాఫ్ట్‌వేర్) పెట్టాం. వారం తిరక్కుండానే డిస్క్ నిండుతోంది. సిస్‌లాగ్‌లో, అంటే డివైజ్‌లు లాగ్ మెసేజ్‌లు పంపే పద్ధతిలో, తీవ్రత 0 నుంచి 7 దాకా కదా, అంకె పెరిగేకొద్దీ తీవ్రత తక్కువ. డివైజ్‌ల మీదే 4 దగ్గర, అంటే వార్నింగ్ దగ్గర, ఆపేద్దామని నా ఉద్దేశం. టీంలో సగం మంది వద్దంటున్నారు. మీరేమంటారు?

లూప్‌బ్యాక్0:
దయచేసి ఆ పని చేయకండి. సిస్కో రౌటర్లు, స్విచ్‌ల్లో నడిచే ఐఓఎస్ సాఫ్ట్‌వేర్‌లో ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు దారుల సమాచారం పంచుకునే ప్రోటోకాల్) నైబర్, అంటే పక్క రౌటర్, పడిపోయిందని చెప్పే మెసేజ్ లెవెల్ 5. ఎవరైనా లాగిన్ అయి కాన్ఫిగ్ మారిస్తే వచ్చే సిస్-5-కాన్ఫిగ్_ఐ కూడా 5. మీకు రాకుండా పోయేవి సరిగ్గా ఇవే. అర్ధరాత్రి నెట్‌వర్క్ పడితే "ఎవరు ఏం ముట్టుకున్నారు?" అనే కదా అందరూ మొదట అడిగేది!

పైగా ఎవరో పీసీ ఆపితే యాక్సెస్ పోర్టులో (పీసీ తగిలించే స్విచ్ పోర్టులో) వచ్చే లింక్-3-అప్‌డౌన్ మెసేజ్ లెవెల్ 3. మీ జల్లెడలో పొట్టు నిలుస్తుంది, గింజ జారిపోతుంది. కనీసం 6 దాకా పంపండి, వడపోత సర్వర్‌లో పెట్టుకోండి. ఆ పోర్టుల్లో నో లాగింగ్ ఈవెంట్ లింక్-స్టేటస్ అనే కమాండ్ ఇస్తే గోల చాలావరకు తగ్గుతుంది.

ప్యాకెట్‌పహరా:
రౌటర్ల వరకు సరే. ఫైర్‌వాల్‌కూ అదే సూత్రం పెడితే మునిగిపోతారు. సిస్కో ఫైర్‌వాల్ ఏఎస్‌ఏలో టీసీపీ కనెక్షన్ మొదలైతే 302013 నంబరు మెసేజ్, ముగిస్తే 302014, రెండూ లెవెల్ 6. అంటే ప్రతి కనెక్షన్‌కూ రెండు లైన్లు. యూడీపీ (అందిందో లేదో చూడకుండా పంపే పద్ధతి) పోర్ట్ 514 మీద అంత వరద వస్తే సర్వర్ రిసీవ్ బఫర్ నిండి ప్యాకెట్లు చప్పుడు లేకుండా రాలిపోతాయి. మీరు దాచుకోవాలనుకున్న ఆ ఓఎస్‌పీఎఫ్ మెసేజ్ కూడా అందులోనే పోవచ్చు.

కోర్‌స్విచ్24:
మరి అందిందో లేదో చూసుకుంటూ పంపే టీసీపీకి మారిస్తే?

నైట్‌షిఫ్ట్_ఆపరేటర్:
జాగ్రత్తండీ. టీసీపీలో పెట్టిన సిస్‌లాగ్ సర్వర్ అందకపోతే ఏఎస్‌ఏ డిఫాల్ట్‌గా కొత్త కనెక్షన్లనే ఆపేస్తుంది. లాగ్ సర్వర్ ఆగిందని కొత్త ట్రాఫిక్ అంతా ఆగడం ఎంత టెన్షనో ఊహించుకోండి. లాగింగ్ పర్మిట్-హోస్ట్‌డౌన్ కమాండ్ ఇచ్చాకే మార్చండి. ఇంకో మాట, అన్ని డివైజ్‌లకూ ఎన్‌టీపీ (గడియారాలను ఒకే టైమ్‌కు కలిపేది) ఉందా? ఐఓఎస్ లాగ్‌లో టైమ్ ముందు నక్షత్రం గుర్తు (*) కనిపిస్తే ఆ గడియారాన్ని నమ్మలేం. టైమ్ కలవకపోతే లాగ్స్ ఒకేచోట ఉన్నా ఏది ముందు జరిగిందో తేలదు.

లూప్‌బ్యాక్0:
ప్యాకెట్‌పహరా గారు చెప్పిన వరద నిజమే. అయినా ఆ కనెక్షన్ రికార్డులు పారేయకూడదు. ఏదైనా మెషీన్ హ్యాక్ అయితే అది ఎవరితో మాట్లాడిందో చెప్పేవి అవే. ఫైర్‌వాల్స్‌కు వేరే సర్వర్ ఇవ్వండి, అక్కడ తక్కువ రోజులు ఉంచండి.

ప్యాకెట్‌పహరా:
వేరే సర్వర్‌కు నేనూ ఒప్పుకుంటాను. యాక్సెస్ పోర్టుల్లో లింక్ మెసేజ్‌లు ఆపడానికి మాత్రం కాదు. సెలవు రోజు రాత్రి ఖాళీ పోర్టులో ఎవరో ఏదో తగిలిస్తే తెలిసేది వాటివల్లే. వాటిని డివైజ్‌లో ఆపకుండా, సర్వర్‌లో వేరే ఫైల్‌కు మళ్లించి కొద్ది రోజుల తర్వాత చెరిపేస్తే డిస్క్‌కూ ఇబ్బంది ఉండదు.