అప్‌డేట్: గన్‌స్మిత్ ట్రైనింగ్, లైసెన్స్ సంగతి

మొన్న అడిగాను కదా, హైదరాబాద్‌లో గన్‌స్మిత్ (తుపాకులు తయారు చేసే, రిపేర్ చేసే పనివాడు) అవ్వాలంటే కోర్స్ ఎక్కడుంది, లైసెన్స్ ఎవరిస్తారు అని. చాలామంది ముందు ఐటీఐ చెయ్యమన్నారు, అదే కరెక్ట్. ఫిట్టర్ ట్రేడ్‌లో జాయినైపోయా, రెండేళ్ల కోర్సు.

లైసెన్స్ విషయం మాత్రం గట్టిగా చెప్తున్నా, సొంత గన్‌కి లైసెన్స్ ఉంటే చాలు పక్కోళ్లవి కూడా రిపేర్ చేసుకోవచ్చు అని ఎవరో రాశారు, అస్సలు కాదు బాబూ. ఆర్మ్స్ యాక్ట్ 1959 సెక్షన్ 5 ప్రకారం తయారీ, అమ్మకమే కాదు, రిపేర్‌కి, టెస్టింగ్‌కి కూడా వేరే లైసెన్స్ కావాలి. లేకుండా చేస్తే 2019 సవరణ తర్వాత కనీసం 7 ఏళ్లు జైల్లోనే.

అబిడ్స్ వైపు ఒక పాత తుపాకుల షాపులో చాచాని కలిశా. తుపాకీ ముట్టుకోనివ్వలేదు, ఇనుప ముక్క, ఆకురాయి చేతిలో పెట్టి "ముందు దీన్ని చదును చెయ్ బేటా" అన్నాడు, నేను అరగంట రాకి ఇస్తే ట్రైస్క్వేర్ (చదును, మూల సరిచూసే L ఆకారపు పరికరం) ఆనించి లైట్‌కి పట్టి చూపించాడు, సందులోంచి వెలుతురు భలే వస్తోంది, అంటే ఇంకా చదును కాలేదన్నమాట 😅

సండేలు రమ్మన్నాడు. ఈలోపు 4.5 ఎంఎం గొట్టం, 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్స్ దగ్గర ఉంచుకోడానికి లైసెన్స్ అక్కర్లేదు కాబట్టి వాటి సీల్స్, స్ప్రింగ్‌ల పని నేర్చుకుంటున్నా.