సహ పరిశోధకుడు తేదీలు దిద్దితే పెద్దాయన పత్రాలన్నిటికీ మచ్చ అంటుకోవాలా? బెర్నార్డ్ ఫిషర్ ఉదంతంపై చర్చ

నల్లమల (చర్చ ప్రారంభం):

పిట్స్‌బర్గ్ సర్జన్ బెర్నార్డ్ ఫిషర్ గురించి మా పీజీ విద్యార్థులకు చెప్పేటప్పుడు ప్రతి ఏడూ ఒకే ఘట్టం దగ్గర తరగతి రెండు వర్గాలుగా చీలిపోతుంది. ఆ తగవునే ఇక్కడ పెడుతున్నాను.

ముందుగా నేపథ్యం చెబుతాను. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో జాన్స్ హాప్‌కిన్స్‌లో హాల్‌స్టెడ్ ప్రచారంలోకి తెచ్చిన ఆపరేషన్‌లో రొమ్మునూ, దాని కింది ఛాతీ కండరాలనూ, చంకలోని లింఫ్ గ్రంథులనూ కలిపి తీసేసేవారు. క్యాన్సర్ రొమ్ము నుంచి గ్రంథులకు, గ్రంథుల నుంచి ఒంటికి మెట్టుమెట్టుగా పాకుతుందనీ, కనుక ఎంత వెడల్పుగా కోస్తే అంత క్షేమమనీ అప్పటి నమ్మకం. ఫిషర్, పాథాలజిస్టు అయిన తమ సోదరుడు ఎడ్విన్‌తో కలిసి జంతువుల మీద చేసిన ప్రయోగాలలో, ఆ గ్రంథులు క్యాన్సర్ కణాలను ఆపగలిగే గోడలు కావని గమనించారు. 1967లో ఎన్.ఎస్.ఎ.బి.పి. అనే బహుళ ఆసుపత్రుల పరిశోధన బృందానికి నాయకుడై, 1971లో బి-04, 1976లో బి-06 అనే ట్రయల్స్ మొదలుపెట్టారు. చీటీ తీసినట్టుగా స్త్రీలను వేర్వేరు చికిత్సలకు కేటాయించి, రొమ్ము మొత్తం తీసినా, గడ్డను చుట్టూ కొంత కండతో తీసినా బతికే అవకాశంలో తేడా లేదని 1985లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రకటించారు. అదే ఏడాది ఆయనకు వైద్య పరిశోధనకు ఇచ్చే లాస్కర్ పురస్కారం వచ్చింది.

1990 జూన్‌లో ఆయన కార్యాలయంలోని డేటా సిబ్బందికి మాంట్రియల్‌లోని సెయింట్ లూక్ ఆసుపత్రి నుంచి ఒకే రోగికి సంబంధించిన రెండు నివేదికలు కనిపించాయి. రెండిటిలోనూ ఆపరేషన్ తేదీ ఒక్కటే వేరు. తవ్వితే, అక్కడి సర్జన్ రోజే ప్వాసోన్ 1977 నుంచి 1990 వరకు 99 మంది రోగుల విషయంలో 115 చోట్ల వివరాలు మార్చారనీ, లేనివి కల్పించారనీ అమెరికా ప్రభుత్వ పరిశోధన నైతికత కార్యాలయం 1993లో తేల్చింది. ఈ సంగతి సామాన్య ప్రజలకు తెలిసింది 1994 మార్చిలో, చికాగో ట్రిబ్యూన్ కథనం ద్వారా. ఆ నెలాఖరులోనే ఫిషర్‌ను నాయకత్వం నుంచి తొలగించారు. ఆయన రచయితగా ఉన్న 148 పత్రాల వివరాల పక్కన మెడ్‌లైన్ అనే వైద్య పత్రాల సూచికలో ‘శాస్త్రీయ దుష్ప్రవర్తన’ అనే మాట చేరింది. 1997లో ఆయన నిర్దోషి అని తేలింది. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం క్షమాపణ చెప్పింది. ఆయన వేసిన దావా 27.5 లక్షల డాలర్లకు రాజీ అయింది.

నా ప్రశ్న ఇది. తాను చేయని తప్పుకు ఆయన ప్రచురణలన్నిటి మీదా ముద్ర వేయడం అన్యాయమా? లేక బృంద నాయకుడిగా ఆయన భరించవలసిన భారమేనా?

కేస్‌షీటు:

నేను పదకొండేళ్లుగా ట్రయల్స్‌లో డేటా కోఆర్డినేటర్‌గా పనిచేస్తున్నాను. అందుకే ఈ కథలో నాకు ముందుగా కనబడేది ఫిషర్ కాదు, ఆ రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి చూసిన ఉద్యోగి. ఆ పని ఎంత విసుగు పుట్టిస్తుందో చేసినవారికి తెలుసు.

ఫిషర్ మోసం చేశారని నేను అనడం లేదు. ఆలస్యం చేశారని అంటున్నాను. 1990 జూన్‌లో అనుమానం పుడితే జాతీయ క్యాన్సర్ సంస్థకు కబురు వెళ్లింది 1991 ఫిబ్రవరిలో. ఆ తరువాత సెయింట్ లూక్ రోగులను తీసేసి తిరిగి లెక్కించిన ఫలితం పత్రికలో అచ్చయింది 1995 నవంబరులో, అంటే ఆయన పదవి పోయి ఏడాదిన్నర గడిచాక. ఈ ఐదేళ్లలో 1985, 1989లలో వచ్చిన బి-06 ఫలితాల పత్రాలను నమ్మి ఎందరో డాక్టర్లు, ఎందరో స్త్రీలు నిర్ణయాలు తీసుకున్నారు. బి-06లో 2,163 మంది ఉంటే వారిలో 354 మంది ఒక్క సెయింట్ లూక్ నుంచే వచ్చారు. ఆరో వంతు అనుమానంలో ఉందని పాఠకుడికి చెప్పకపోవడం చిన్న విషయం కాదు.

కొసమెరుపు ఏమిటంటే, తొలి దశ రొమ్ము క్యాన్సర్‌లో రొమ్మును కాపాడే శస్త్రచికిత్సే మేలని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు ఏకాభిప్రాయ సభ పెట్టి ప్రకటించింది కూడా 1990 జూన్‌లోనే.

వేపచెట్టు కింద:

నేను రొమ్ము క్యాన్సర్ సర్జన్‌ని. ఇరవై ఏళ్లకు పైగా గుంటూరు, విజయవాడ ప్రాంతంలో పనిచేస్తున్నాను. కేస్‌షీటు గారు ఆలస్యం గురించి చెప్పినదానిలో సగం ఒప్పుకుంటాను. మిగతా సగం గురించి నాకు కోపం ఉంది. మర్యాద తప్పకుండా రాసే ప్రయత్నం చేస్తాను.

ప్వాసోన్ దిద్దినవాటిలో ఎక్కువ భాగం ట్రయల్‌లో చేరడానికి కావలసిన అర్హతలకు సంబంధించినవి: బయాప్సీ తేదీ, హార్మోన్ రిసెప్టర్ పరీక్ష విలువ, ఇలాంటివి. గడువు దాటిన రోగిని గడువులోపు వచ్చినట్టు చూపారు. అది క్షమించరాని పనే. కానీ ఎవరు ఏ చికిత్సలో పడాలో ఆ తరువాత చీటీ నిర్ణయించింది కాబట్టి, అర్హత లేని రోగులు మూడు వర్గాలలోనూ (రొమ్ము మొత్తం తీసినవారు, గడ్డ మాత్రమే తీసినవారు, గడ్డ తీసి రేడియేషన్ ఇచ్చినవారు) ఇంచుమించు సమానంగానే చేరారు. ఎవరు బతికారు, ఎవరు పోయారు అన్న లెక్కను ఒకవైపు మొగ్గేలా మార్చే అబద్ధం వేరు, ఇది వేరు. ఈ తేడా పత్రికల్లో రాలేదు. ‘రొమ్ము క్యాన్సర్ పరిశోధనలో మోసం’ అన్న శీర్షిక చాలు, మిగతాది జనం ఊహించుకున్నారు.

పైగా ఫిషర్ ఒక్కరి మాట మీద ఈ ఆపరేషన్ నిలబడలేదు. మిలాన్‌లో వెరోనేసి 701 మంది స్త్రీలతో చేసిన ట్రయల్ ఫలితాలు 1981లోనే, బి-06 కన్నా నాలుగేళ్లు ముందే వచ్చాయి, సారాంశం అదే. ప్వాసోన్ కాగితాలన్నీ తగలబెట్టినా మిలాన్ మిగిలి ఉంటుంది.

ఇక ఆ 148 పత్రాల సంగతి. బెర్నార్డ్ ఫిషర్ అన్న పేరు ఉన్న ప్రతిదాని మీదా ముద్ర పడింది, సెయింట్ లూక్ రోగి ఒక్కరు కూడా లేని పత్రాలతో సహా. 1995లో న్యాయస్థానం జోక్యం చేసుకుంటే గానీ వాటిని తీయలేదు. వారసుడి అప్పుకు తాతగారి ఊరంతా జప్తు చేసినట్టు ఉంది ఇది.

గోదావరి గట్టు:

నేను డాక్టర్ని కాదు. మా అమ్మకు 2011లో ఆపరేషన్ జరిగింది. గడ్డ మాత్రమే తీయవచ్చని డాక్టర్ గారు చెప్పారు. కానీ ఆ తరువాత ఐదారు వారాలు రోజూ రేడియేషన్‌కు పట్నం వెళ్లాలంటే మా వల్ల కాదని మొత్తం తీయించుకున్నాం. ఈ మధ్య ఎవరో వాట్సాప్‌లో పంపిన కథనంలో ఈ ఫిషర్ గారి పేరు చూసి, మాకు ఆనాడు ఇచ్చిన సలహాయే దొంగ లెక్కల మీద ఇచ్చారా అని రెండు రోజులు నిద్రపోలేదు. మీరు పెద్దలు, దయచేసి సూటిగా చెప్పండి.

వేపచెట్టు కింద:

లేదమ్మా, దొంగ లెక్కల మీద ఇచ్చిన సలహా కాదు. సెయింట్ లూక్ రోగులందరినీ తీసేసి 1995లో లెక్కించినప్పుడూ, ఇరవై ఏళ్ల ఫలితాలను 2002లో ప్రకటించినప్పుడూ బతికే అవకాశంలో తేడా కనబడలేదు. ఆ ఇరవై ఏళ్ల లెక్కలో, గడ్డ తీసి రేడియేషన్ ఇచ్చినవారిలో 14.3 శాతం మందికి అదే రొమ్ములో క్యాన్సర్ తిరిగి వచ్చింది. రేడియేషన్ ఇవ్వనివారిలో 39.2 శాతం మందికి వచ్చింది. అందుకే రేడియేషన్‌కు రాలేనివారిని గడ్డ మాత్రం తీయించుకోమని మేం ఒత్తిడి చేయం. మీ ఇంటి పరిస్థితిని బట్టి మీరు తీసుకున్న నిర్ణయంలో తప్పు లేదు. అమ్మగారు కులాసాగా ఉన్నారని ఆశిస్తున్నాను.

కేస్‌షీటు:

గోదావరి గట్టు గారు రెండు రోజులు నిద్రపోలేదని రాశారు చూడండి. 1994లో అమెరికాలోనూ, కెనడాలోనూ గడ్డ మాత్రమే తీయించుకున్న స్త్రీలు ఎన్ని రాత్రులు అలా గడిపారో. ఆ భయాన్ని పుట్టించింది ట్రిబ్యూన్ కథనమని వేపచెట్టు గారు అంటారు. పుట్టడానికి తావిచ్చింది మౌనమని నేను అంటాను. ప్వాసోన్ రోగులను తీసేసినా ఫలితం మారదని బృందానికి లోలోపల తెలుసు. తెలిసినప్పుడు ఒక పేజీ లేఖ పత్రికకు పంపడానికి అడ్డేమిటి? న్యూ ఇంగ్లండ్ జర్నల్ సంపాదకులు కూడా తమకు చెప్పలేదనే నొచ్చుకున్నారు.

అర్హత తేదీలే కదా అన్న మాట దగ్గర కూడా ఆగాలి. నేను పనిచేసిన ఒక ట్రయల్‌లో ఒక యువ డాక్టర్ బయాప్సీ తేదీని నాలుగు రోజులు మార్చి రాశాడు. అడిగితే, ‘ఆమెకు ఉచితంగా మందు దొరుకుతుంది కదా మేడమ్’ అన్నాడు. అతనిది దయే. ప్వాసోన్ కూడా రోగుల మేలు కోసమే చేశానని చెప్పుకున్నారు. ఆ దయ చూసిన రోజు నుంచి ఆ డాక్టర్ రాసిన ఏ అంకెనూ నేను రెండోసారి చూడకుండా వదల్లేదు.

నల్లమల:

ఇక్కడ గణాంకాల మాట ఒకటి చేర్చాలి. 1995 విశ్లేషణలో తప్పు తేలిన రోగులను మాత్రమే తీసేయకుండా సెయింట్ లూక్‌ను మొత్తంగా తీసేయడానికి కారణం కేస్‌షీటు గారి చివరి వాక్యంలోనే ఉంది. ఒకచోట దిద్దిన చెయ్యి ఇంకెక్కడ దిద్దలేదో నమ్మకం లేదు. ఒక ఆసుపత్రిని పూర్తిగా తీసేస్తే మిగిలిన ఆసుపత్రులలో చీటీల సమతూకం చెడదు; మనకు నచ్చనివారిని ఏరి తీస్తే చెడవచ్చు. రోగుల సంఖ్య తగ్గి లెక్క కాస్త బలహీనపడుతుంది, అంతే.

పత్రాల వరుస చూసినవారికి మరొకటి కనబడుతుంది. 1985 పత్రంలో రచయితల జాబితాలో ప్వాసోన్ పేరు నాలుగోది, 1989లో మూడోది. 1995 పునర్విశ్లేషణలో ఆ పేరు లేదు. ఫిషర్ పేరు మాత్రం మళ్లీ మొదట ఉంది. ఎక్కువ మంది రోగులను చేర్చిన కేంద్రానికి రచయితల వరుసలో ముందు చోటు దొరకడం నాకు తెలిసిన చాలా బృందాలలో రివాజే, ఆ చోటు కోసమే తేదీలు దిద్దాలన్న ఆశ పుడుతుందేమోనన్న అనుమానం నాది.

వేపచెట్టు కింద:

ఆ అనుమానం నాకూ ఉంది. మెడ్‌లైన్ ముద్ర 148 పత్రాల మీద కాకుండా సెయింట్ లూక్ రోగులున్న పత్రాల మీద మాత్రమే, ‘ఒక కేంద్రం డేటాను తీసేసి తిరిగి లెక్కిస్తున్నారు’ అన్న మాటతో వేసి ఉంటే నేను ఈ చర్చలో నోరు విప్పేవాణ్ణి కాదు. రొమ్ము క్యాన్సర్ రాకుండా టామాక్సిఫెన్ అనే మందు ఆపగలదా అని 1992లో మొదలుపెట్టిన నివారణ ట్రయల్‌ను తాను నడపలేని స్థితిలో చూడవలసి వచ్చింది ఆయనకు. 13,388 మంది స్త్రీలు చేరిన ఆ ట్రయల్ ఫలితాలు 1998లో వచ్చేసరికి ఆయనకు ఎనభై ఏళ్లు.

కేస్‌షీటు:

మీరు రాసిన ఆ మాటనే ఫిషర్ 1991లో తానే పత్రికకు రాసి పంపి ఉంటే బాగుండేదని నేను మొదటి నుంచీ అంటున్నది, వేపచెట్టు గారూ. 148 విషయంలో మాత్రం మీతో ఏకీభవిస్తున్నాను.

గోదావరి గట్టు:

అమ్మ కులాసాగానే ఉంది డాక్టర్ గారూ. మీ సమాధానం చదివి వినిపించాను. ‘ఆ తేదీలు మార్చినాయన పేరేమిట్రా’ అని రెండుసార్లు అడిగింది; నాకు పలకడం రాలేదు.