ఫ్లోరిడా యూనివర్సిటీకి ఇండియా నుంచి విరాళం: ఎవరైనా ఇప్పించారా?

నమస్కారమండీ. ఫ్లోరిడాలో ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో తెలుగు క్లాసులు పెట్టించాలని నలుగురం చందాలు పోగుచేస్తున్నాం. విజయవాడలో ఉన్న మా బాబాయి ఒక్కరే 60,000 డాలర్లు ఇస్తానన్నారు. ఇక్కడి 2021 చట్టం ప్రకారం విదేశీ విరాళం 50,000 డాలర్లకు చేరితే యూనివర్సిటీ రాష్ట్రానికి తెలియజేయాలి. ఫెడరల్ చట్టంలోనైతే ఆ హద్దు 2,50,000. 2023లో తెచ్చిన గట్టి ఆంక్షలు చైనా, రష్యా, ఇరాన్ లాంటి ఏడు దేశాల మీదే, ఇండియా అందులో లేదు. అయినా విదేశీ డబ్బు అనగానే ఆఫీసువాళ్లు నీళ్లు నములుతున్నారు.

బాబాయి నాకు పంపి, నేను నా పేరున ఇస్తే? అది దొడ్డిదారేనని మా ఆవిడ గోల, నాకూ అదే భయం. పైగా నాది ఇంకా గ్రీన్‌కార్డే, సిటిజన్‌ని కాను. నేనిచ్చినా విదేశీ విరాళం కిందే రాస్తారా? ఇలా ఇప్పించినవాళ్లుంటే ఏయే కాగితాలు అడిగారో చెప్పండి, ప్లీజ్.